ఉసిరికాయ తిన్న నోటితో

మార్కాపురంలో మా నాయనకు సరుకుల దుకాణం ఉండేది. చింతపండు, వేరుశనగ, ఆముదాలు కొనడానికి కంభం, గిద్దలూరు వైపు పల్లెలు తిరగడం నా వంతు. బేరం ఒక పూటలో తెమిలిపోయేది. నేను మాత్రం రెండు రోజులు తిరిగి వచ్చేవాణ్ణి, ఎందుకంటే నాకు కల్లు పిచ్చి. తాగి తూలే పిచ్చి కాదు, రుచి చూసే పిచ్చి. దొరల దేశంలో పెద్దపెద్దవాళ్లు ద్రాక్షసారా రుచి చూడడానికి తోట తోటకూ ప్రయాణం కట్టుకుని పోతారని ప్లీడరు ఒకాయన చెబితే, నాబోటివాళ్లు అక్కడా ఉన్నారన్నమాట అని తెగ మురిసిపోయాను.

చలికాలంలో ఈతచెట్లు గీసేవారు. కంభం చెరువు కింది చెట్ల కల్లు పలచన, గుటకలో దిగిపోతుంది. రాచర్ల మెట్టచేల గట్ల మీది చెట్లదైతే చిక్కన. గొర్రెల మంద తోలిన చేనైతే ఆ వాసనే వేరు. ఏ వైపు చెట్టో, ఎప్పుడు దించిందో ఒక్క గుటకతో చెబుతానని నాకు పేరొచ్చింది. ఆ పేరును నెత్తిన పెట్టుకుని ఊరేగాను. నేను కల్లుపాకల వెంట తిరుగుతున్నానని తెలిస్తే నాయన తోలు వలిచేవాడు. పల్లెల్లో మాత్రం ‘సెట్టి నాలిక’ అంటూ మర్యాదలు చేసేవారు.

రాచర్ల దగ్గరి ఒక ఊళ్లో నాకు బాగా నచ్చిన గీతగాడు ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, మామా అని పిలిచేవాణ్ణి. చెట్లు రైతులవి, గీత అతనిది. కుండలు కడిగి పొగబెట్టే పని అతని భార్యది. ఆ కల్లు రుచిలో సగం ఆమె చేతి శుభ్రమేనని నేనే అందరికీ చెప్పేవాణ్ణి.

కల్తీ విషయంలో ఆ ఊరిది గట్టి కట్టుబాటు. పట్టుబడ్డ గీతగాడు అందరి ముందూ తన కుండ తానే పగలగొట్టాలి. ఆపైన ఏ రైతూ అతనికి చెట్టివ్వడు.

ఆ రోజు గిద్దలూరులో రైలు దిగి నడక మొదలుపెట్టాను. దారిలో గొర్రెల కాపరి ఒకడు గుప్పెడు ఉసిరికాయలిచ్చాడు. దప్పిక కాకుండా ఒక్కొక్కటే నములుతూ పోయాను. పాక చేరేసరికి మధ్యాహ్నమైంది. పది మంది రైతులు కూర్చుని ఉన్నారు. నోట్లో గింజ ఉమ్మేసి కూర్చున్నానో లేదో, మొదటి దొన్నె నా చేతికిచ్చారు.

తియ్యగా ఉంది. పొద్దున దించిన కల్లు ఆ వేళకు పులిసి ఉండాలి. ఇంకో గుటక వేశాను. అదీ తీపే.

“బెల్లం పడింది దీంట్లో,” అన్నాను. అతని చెవిలో చెప్పి ఉండవచ్చు. అందరూ వినేట్టు అన్నాను.

గీతగాడి ముఖం పాలిపోయింది. “అట్లనొద్దు సెట్టీ. దించింది దించినట్టే తెచ్చినా.”

“నా నాలికకు తెలీదా మామా?”

చెట్లు గలాయన దొన్నె అందుకుని చప్పరించాడు. “నాకైతే పులుపే తగుల్తాంది. మన నాలికలకేం తెలుస్తాదిలే, సెట్టి చెప్పినాక ఇంకేంది,” అన్నాడు.

కుండ పగిలింది. నేను దర్జాగా లేచి, ఊళ్లో చింతపండు బేరం ముగించుకుని, గిద్దలూరు దారి పట్టాను.

దారిలో చివరి ఉసిరికాయ నమిలి, ఒక బావి దగ్గర నీళ్లు తాగాను. పానకంలా ఉన్నాయి. ఉసిరికాయ తిన్న నోటికి నీళ్లు తియ్యగా తగులుతాయని చంటిపిల్లలకు కూడా తెలుసు. తాలూకాలు తిరిగిన నాలికకు అది గుర్తు రాలేదు. బావి గట్టు మీద కూర్చుండిపోయాను.

వెనక్కి పోతే గంట నడక. లేచాను. నాలుగడుగులు వేశాను కూడా. ఆ పది మంది నవ్వు అప్పుడే వినబడినట్టయింది. రైలుకు వేళైందని నాకు నేనే చెప్పుకున్నాను. రైలుకు ఇంకా బోలెడు పొద్దుంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

మళ్లీ ఆ ఊరి వైపు పోలేదు. కొన్నేళ్లకు సర్కారు మా జిల్లాలోనూ కల్లు మాన్పించింది. ఎట్లాగూ అతని పని పోయేదే కదా అని ఊరట పడ్డాను. అంత చౌకబారు ఊరట వెతుక్కున్నవాణ్ణి నేను.

ఆ ఏడే అతను మా దుకాణానికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. మార్కాపురం పలకల గనిలో రాయి మోస్తున్నాడట. ఉప్పు కట్టించుకుని, నాయన లోపలికి పోయేదాకా ఆగాడు. నా గుట్టు కాపాడడానికే ఆగాడని నాకు తెలుసు.

“సెట్టీ, ఒక మాట అడుగుతా. బెల్లం నేనైతే కలపలా. మీ నాలికేమో తప్పదు. మరి ఎట్ల వచ్చిందా అని ఆలోచన చేసినా. కుండలు కడిగేది నా పెండ్లామే గదా. బెల్లం నీళ్లు పోసిన కుండ ఇచ్చింటాదని చెయ్యి చేసుకున్నా. కాదని ఎంత ఏడ్చినా వినలా. పామూరు పోయింది, పుట్టింటికి. మళ్ల రాలా.”

నేను తక్కెడ పళ్లెం తుడవసాగాను.

“ఇప్పుడు నిదానంగా తలుచుకోని చెప్పండి. బెల్లమేనా? కాదంటే రేపే పామూరు పోతా. కాళ్లు పట్టుకోనైనా పిల్చుకోనొస్తా.”

కాదు అంటే చాలు. కానీ మరి అట్లా ఎందుకన్నావంటే ఉసిరికాయల సంగతి చెప్పాలి. బావి దగ్గర అంతా తెలిసి కూడా వెనక్కి రాలేదని చెప్పాలి. లోపల నాయన దగ్గు వినబడింది.

“చాన్నాళ్లాయె మామా. గుర్తులేదు,” అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. తన కష్టానికి నేను బాధపడుతున్నాననుకున్నాడు.

“పోనీలే సెట్టీ, మీరేం చేస్తారు. ఎన్ని కుండలు రుచి చూసినారో,” అని నన్నే సముదాయించి, ఉప్పు పొట్లం తీసుకుని, గని వైపు నడిచిపోయాడు.