దేవుడికి పెట్టని మక్కకంకి

ఇన్నేళ్ళుగా మోస్తున్న ఈ బరువు గురించి నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను సార్ అని పిలవరు, అందుకేనేమో నోరు పెగులుతోంది. నేనొక పసిపిల్లకు అబద్ధం చెప్పాను. పిల్లలకు అబద్ధం చెప్పని పంతులుంటాడా అంటారేమో. ఇది అలాంటిది కాదు.

నేను గోండును. పుట్టింది ఆదిలాబాద్ గుట్టల్లో. మా ఇళ్ళల్లో కొత్త పంటను పండుగ చేసి దేవుడికి పెట్టిందాకా నోట పెట్టం, ఎంత ఆకలైనా సరే. కరీంనగర్ హాస్టల్లో చేరిన కొత్తలో నేను కొత్త మక్కజొన్నలు ముట్టకపోతే తోటి పిల్లలు పడీపడీ నవ్వారు. వార్డెన్ సార్ నవ్వలేదు. నేతపని చేసే ఇంటి నుంచి వచ్చిన మనిషి. నా ఒక్కడి కోసం పాత జొన్నల రొట్టె చేయించేవాడు. నేను చదువు మానకుండా నిలిచింది ఆయన చలవే. అయినా, ఆ రొట్టె కంటే ఆ నవ్వులే నాకెందుకు ఎక్కువ గుర్తున్నాయి? మెట్‌పల్లి పక్క ఊళ్ళో ఉద్యోగం రాగానే గోండునన్న మాట మూటగట్టి దాచేశాను. మాది ఆదిలాబాద్ వైపు అని మాత్రం అనేవాణ్ణి.

ఆ బడిలో ఒకే ఒక్క గోండు పిల్ల ఉండేది. పసుపు చేలల్లో కూలికి వచ్చినవాళ్ళ బిడ్డ. తెలుగు రాక ఏడుస్తుంటే, ఎవరూ లేనిది చూసి గోండిలో పలకరించాను. ఇక నా వెంటే తిరిగేది. నలుగురిలో మాత్రం నాతో గోండి మాట్లాడేది కాదు. నేను వద్దనలేదు. నా ముఖం చూసే కనిపెట్టిందేమో.

ఒకరోజు పెద్దసార్ తన చేలోని కొత్త మక్కకంకులు ఉడకబెట్టించి పిల్లలకు పంచాడు. ఆ పిల్ల ముట్టలేదు.

"మీరు ఆదిలాబాద్ పక్కోళ్ళు గదా," అని నన్నడిగాడు పెద్దసార్. "గోండోళ్ళల్ల గిట్ల తినొద్దని ఉంటదా?"

ఉంటుందంటే సరిపోయేది. నీకెట్లా తెలుసంటాడని భయం.

"అసొంటిదేం లేదు సార్. మొండి చేస్తుంది," అన్నాను. అంతటితో ఆగానా? గింజలు ఒలిచి నా చేత్తోనే ఆమె నోట్లో పెట్టాను. నమిలి మింగింది.

బడి విడిచాక ఆ పిల్ల దగ్గరికొచ్చి మెల్లగా గోండిలో అడిగింది.

"మీ ఇంట్ల దేవునికి పెట్టినంకనే నాకు పెట్టిన్రు గదా సార్?"

"ఆఁ, పెట్టినం బిడ్డా."

ఆమె నవ్వింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

పెద్దసార్ చెడ్డవాడు కాదు. తెలిసినా ఏమీ అనేవాడు కాదు. మరి ఎవరికి భయపడ్డాను? పసుపు తవ్వకాలు కాగానే ఆ కూలి కుటుంబం వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఒక్క మాటతో నన్ను బయటపెట్టగలిగేది. పెట్టలేదు. నా గుట్టును నాకంటే పదిలంగా దాచింది.

ఇప్పుడు గుట్టల్లోని బడికే అడిగి మరీ వచ్చాను. నా తరగతిలో గోండి, తెలుగు, మరాఠీ అన్నీ నడుస్తాయి. ఏ పిల్లైనా తిననంటే ముందు ఎందుకని అడుగుతాను. ఈ బుద్ధి నాకు శిక్షణలో రాలేదు. వార్డెన్ సార్ పెట్టింది, ఆ పిల్ల పెట్టింది. వాళ్ళిద్దరినీ తలుచుకోని రోజు లేదు, తలుచుకుంటే కడుపు నిండినట్టుంటుంది.

ఆమె ఇప్పుడు పెద్దదై ఉంటుంది. నా మాట నమ్మే ఉంటుంది. నిజం చెప్పి ఆ నమ్మకం తీసేయాలా? ఏమో, నాకు తేలలేదు. మీతో చెప్పాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది. ఆ ఏడు నేను పండుగకు ఇంటికే పోలేదు. దేవుడికి ఏమీ పెట్టలేదు.