అమ్మ ఆదివారం క్లాసులు

ఈ పోస్టు వల్ల విశ్వవిద్యాలయాల గౌరవానికి కలగబోయే నష్టానికి సకల విద్వాంసులకూ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణలు.

ఇవాళ ట్రంకుపెట్టెలో అమ్మ పాఠాల పుస్తకాలు దొరికాయి. జిగురు వాసన ఇంకా పోలేదు. ఎనభైల్లో కొత్తగా పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం గుర్తుందా? బడి మొహం చూడనివాళ్లకీ బీఏ, పాఠాలు పోస్టులో, క్లాసులు ఆదివారాల్లో. మా రాజోలు ఇంట్లో ఆదివారం చదవదగ్గ పుస్తకం ఒక్కటే, బైబిల్. అందుకని అమ్మ, అమలాపురం చర్చికని మామ్మతో చెప్పి క్లాసుకు వెళ్లేది.

నెల తిరక్కుండా మామ్మ నిలదీసింది. "ఏవమ్మా, దేవుడి రోజున దొంగచదువా?"

"ఆయ్, మానేస్తానండీ అత్తయ్యగారూ."

మానేసింది. తర్వాత వచ్చిన పాఠాల కవర్లు చింపనైనా లేదు. పాఠాలు తెచ్చే పోస్టుమేన్ గారే మామ్మకి చెప్పేరని అమ్మ పోయేదాకా అనుకుంది.

చెప్పింది నేను. క్లాసుకు నన్ను తీసుకెళ్లలేదని.