రంగూను నోట్లు

నిన్న మా మనవరాలు ఫోనులో ఒక నోటు బొమ్మ చూపించి, "అమ్మమ్మా, జపానువాళ్ళు బర్మాలో అచ్చేసిన నోటంట. పాతవి కొనేవాళ్ళు దీనికి మంచి ధర కడుతున్నారు" అంది. అప్పట్లో మన నోట్ల మీదుండే రాజు తల లేని ఆ కాగితాన్ని చూడగానే గుర్తుపట్టాను. ఫోను తిరిగి ఇవ్వడానికి నాకు కాస్త సేపు పట్టింది.

మా మేనత్త భర్త రంగూనులో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డాయనీ, ఆయన పోయాడనీ మా ఊరు గురజాలకు కబురొచ్చింది. తాతయ్య ఏడుస్తూనే కూతురి గాజులు తీయించాడు. మా అత్త మహా మాటకారి. పొయ్యి దగ్గర కూర్చుని ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ పలికించి మమ్మల్ని నవ్వించేది. ఆ తర్వాత మా వంటింట్లో పప్పు ఉడికే చప్పుడు కూడా స్పష్టంగా వినపడేది.

యుద్ధం ముగిశాక, రంగూను నుంచి తిరిగొచ్చిన ఒక సాయిబు మా ఇంటికి రేకుపెట్టె తెచ్చాడు. అది అక్కడ తన అన్న కొట్లో దొరికిన పెట్టె. అన్న చనిపోయాడు. మూత మీద మామయ్య పేరూ ఊరూ ఉంటే తెచ్చానని, అంతకు మించి తనకేమీ తెలియదని అన్నాడు. లోపల ఒక పంచె, అందులో చుట్టిన నోట్ల కట్ట.

వాటి విలువ కనుక్కుందామని అత్త నన్ను వెంటబెట్టుకుని నరసరావుపేట వెళ్ళింది. నోట్లు మార్చే షావుకారు ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇయ్యి జపానోళ్ళు అచ్చేసినయ్యమ్మా. ఓడిపొయ్యారుగా, చిల్లిగవ్వ రాదు."

అత్త కదల్లేదు. "జపానోళ్ళు రంగూనుకు ఎప్పుడొచ్చారయ్యా?"

"బాంబులేసి, ఊరు పట్టుకున్నాక. ఈ నోట్లయితే ఇంకా చానాళ్ళ తర్వాత."

"మరి ఆ బాంబులకే పోయినోడి చేతికి ఇయ్యి ఎట్టా వచ్చినయ్?"

షావుకారు నోట్లు మళ్ళీ పంచెలో చుట్టి ఇచ్చాడు.

ఆ బజార్లోనే అత్త రెండు చేతులకూ ఎర్రగాజులు వేయించుకుంది. మేం వచ్చేసరికి తాతయ్య అరుగు మీద ఉన్నాడు.

"ఏమే, ఏంది ఈ పని?"

"ఆయన బతికుండంగానే నా గాజులు తీయించావు నాయనా" అంది అత్త, గొంతు పెంచకుండా.

ఆ ఏడు నుంచి మామయ్యకు సంవత్సరీకం పెట్టనివ్వలేదు. ఆమె వడ్డిస్తుంటే గాజులు గలగలమన్నప్పుడల్లా తాతయ్య ముద్ద నోట్లో పెట్టుకోలేక కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆమెను పేరంటానికి పిలవాలో మానాలో తెలియక, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కుంకుమభరిణె కొంగులో దాచుకుని మా వాకిలి దాటేవాళ్ళు. రంగూను నుంచి వచ్చిన ప్రతివాళ్ళనూ అత్త అడిగింది. కొన్నేళ్ళకు అడగడం మానేసింది. మామయ్య రాలేదు. చివరికి ఆమెను గాజులతోనే కాటికి సాగనంపాం.

పోయినవాళ్ళ వయసు పోయిననాడే ఆగిపోతుంది. మామయ్య మాత్రం మా ఇంట్లో ఏటేటా ముసలివాడవుతూనే ఉన్నాడు.