యంత్రం లెక్కలోకి రాని కణాలు

కొత్తగా వచ్చిన రక్తపరీక్ష యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి ఎవరిదో ఒకరి రక్తం కావాల్సివచ్చింది. ఆ ల్యాబులో పద్నాలుగేళ్లుగా అందరికీ సూదులు గుచ్చిన టెక్నీషియన్ ఆ పొద్దున నవ్వుతూ తన చెయ్యే చాపింది. కాగితం బయటికొచ్చాక నవ్వు ఆగిపోయింది. లక్షన్నరకు పైగా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు నలభై ఒక్క వేలే ఉన్నాయి.

పాత యంత్రంలోనూ పెట్టి చూసింది. అది కొత్తదానికి వత్తాసు పలికింది. ఇక ఆమె మనసు మనసులో లేదు. క్యారేజీ విప్పి, ముట్టకుండానే మూసేసింది. ఒక పెద్దాయన్ని పేరు మూడోసారి అడగబోతే, “రాసుకోమ్మా, మళ్లీ మర్చిపోతావు” అన్నాడాయన.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. వాళ్లమ్మకూ వయసులో ఉన్నప్పుడు ఇలాగే అంకె తగ్గి, ఒళ్లంతా కమిలిన మచ్చలు వచ్చేవి. ప్లేట్‌లెట్లను కడుపులోని ప్లీహమే నాశనం చేస్తోందని డాక్టర్లు దాన్ని తీసేశారు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగించారు. మొహం ఉబ్బింది, ఎముకలు గుల్లబారాయి, అంకె మాత్రం పెరగలేదు.

సాయంత్రం దాకా ఆగలేక, తన రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. చిన్న చుక్కల్లా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు ఎర్రకణాలంత ఉన్నాయి. సైజును బట్టి లెక్కపెట్టే యంత్రం వాటిని ప్లేట్‌లెట్లుగా గుర్తించనే లేదు. కళ్లతో చూసి లెక్కపెడితే తొంభై వేలు దాటాయి.

రక్తవ్యాధుల డాక్టరమ్మ తల్లీకూతుళ్లిద్దరికీ జన్యుపరీక్ష రాసింది. ఫలితం కోసం ఎదురుచూసిన ఆరు వారాలూ కూతురు కాలు కాలిన పిల్లిలా తిరిగింది, సర్దిన అల్మరానే మళ్లీ సర్దింది. చివరికి రిపోర్టు వచ్చింది. ఒకే జన్యువులో ఒక్క అక్షరం తేడా, లక్షల్లో ఒకరికి ఉండేది, తల్లి నుంచి కూతురికి వచ్చింది. వీళ్ల ఒంట్లో ప్లేట్‌లెట్లు పుట్టడమే తక్కువగా, పెద్దగా పుడతాయి. ప్లీహం ఏ పాపమూ ఎరగదు.

తల్లికి ఈ మాట ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు.

“ఏంటే, మూడ్రోజుల్నుంచీ నా చుట్టూ తిరుగుతున్నావు? చెప్పేదేదో చెప్పు,” అంది తల్లి, ఉతికిన బట్టలు మడత పెడుతూ.

చెప్పింది. తల్లి చెయ్యి కడుపు మీది పాత కుట్ల మచ్చ దగ్గరికి వెళ్లి ఆగింది.

“అయితే ఆ ఆపరేషన్ అక్కర్లేదన్నమాట.”

“అక్కర్లేదమ్మా.”

తల్లి ఒక దుప్పటిని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. తనకి ఆపరేషన్ చేసిన డాక్టరు మంచివాడేననీ, రోజూ మంచం దగ్గరికొచ్చి పలకరించేవాడనీ అంది. కాసేపటికి ఏదో తట్టినట్టు చటుక్కున లేచింది.

“మీ మామయ్యకీ కౌంట్ తక్కువనే కదా వచ్చే వారం ప్లీహం ఆపరేషన్ అంటున్నారు?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మర్నాడు మొదటి బస్సుకే కూతురు రిపోర్టు, గాజుపలకల పెట్టె తీసుకుని మామయ్య ఉన్న ఆసుపత్రికి బయల్దేరింది. మామయ్య రక్తంలోనూ అవే పెద్ద కణాలు కనిపించాయి. ఆపరేషన్ ఆగింది. మూడేళ్లుగా మాత్రలతో ఉబ్బిన మామయ్య మొహం చూస్తూ కూర్చోలేక, ఆమె ఆ ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ నడుస్తూనే ఉంది.