పన్నెండు ఖాళీ గళ్లు

గోపీనాథ్ మామూలుగా "పుష్పమ్మా" అని కేకేస్తాడు. "పుష్పమ్మ గారూ" అన్నాడంటే ఆ రోజు గొడవ ఉందన్నమాట. మార్చి నెలలో ఒక సోమవారం పొద్దున్న, ఏలూరులోని ఆ కాలేజీలో జువాలజీ ల్యాబు తాళం తీసి చీపురైనా పట్టకముందే, పక్క గదిలోంచి ఆ "గారూ" వినబడింది. పుష్పమ్మ చీపురు అందుకోకుండానే వెళ్లింది.

పుష్పమ్మది దెందులూరు. ఇరవై నాలుగేళ్ల కిందట ల్యాబు ఊడవడానికి చేరింది. అప్పటి డిమాన్‌స్ట్రేటరు చలపతిరావుకి చేతులు వణికేవి. చుక్కలు కొలిచి వదిలే బ్యూరెట్టు గొట్టానికుండే కుళాయి తిప్పలేక ఆమె చేత తిప్పించేవాడు. నీళ్లలో చేపకి అందే ఆక్సిజన్ ఎంతుందో తేల్చే పరీక్ష అలా ఆమె చేతికొచ్చింది. నీటి కిందే సీసా నింపి, ఒక్క బుడగ లేకుండా మూత పెట్టి, రెండు మందులు వేస్తే అడుగున గోధుమరంగు మడ్డి దిగుతుంది. ల్యాబుకొచ్చాక ఆసిడ్ వేసి, గంజి వేసి, పైనుంచి బ్యూరెట్టుతో హైపో ద్రావణం చుక్కచుక్కగా వదలాలి. నీలంరంగు ఏ చుక్కకి విరిగిందో ఆ చుక్క దగ్గర ఆపాలి. ఎమ్మెస్సీ పిల్లలు నాలుగు చుక్కలు ఎక్కువ పోసి నాలుక కరుచుకుంటారు. పుష్పమ్మ ఒక్క చుక్క ఎక్కువ పోసి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఇంత చేసినా ఆమె ఉద్యోగం పర్మనెంటు కాదు. ఏటా జూన్‌లో మేనేజ్‌మెంటు ఒక ఆర్డరు కాగితం ఇస్తుంది. దానికి ముందు డిపార్ట్‌మెంటు హెడ్డు సంతకం పెట్టాలి. ఆ హెడ్డే ఈ గోపీనాథ్.

"కూర్చోండి పుష్పమ్మ గారూ."

"పర్లేదండి. చెప్పండి."

"జర్నల్ వాళ్లు జవాబిచ్చారండి. పేపరు బావుందన్నారు. అయితే అంకెలు రాసుకున్న అసలు రిజిస్టరు స్కాన్ చేసి పంపమంటున్నారు. పదిహేను రోజుల టైమిచ్చారు, పదకొండు అయిపోయాయి."

"పంపండి. బీరువాలోనే ఉంది."

"అందులో పన్నెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి కదండీ."

ఉన్నాయి. కిందటేడాది మొత్తం, ప్రతి బుధవారం, గుడివాకలంక దగ్గర కొల్లేరులో నాలుగు చోట్ల నీళ్లు తీశారు. తీసినది పుష్పమ్మ, దోనె నడిపినది పాపారావు. సెప్టెంబరులో బుడమేరు వాగు వరదనీళ్లు వచ్చి పడి, రోడ్డు మునిగి, మూడు బుధవారాలు అటు ఎవరూ వెళ్లలేదు. పుష్పమ్మకి ఒక అలవాటుంది. ఒకటో తారీఖునే నెల మొత్తానికీ గళ్లు కొట్టి తేదీలు వేసేస్తుంది. వరదప్పుడు ఆ గళ్లలో ఏం రాయమంటారని ఇదే గోపీనాథ్‌ని అడిగింది. "వదిలెయ్, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆమె వదిలేసింది. అదే తన తప్పని ఇప్పుడు తెలిసింది. ఆ రోజే "తీయలేదు" అని రాసి పారేస్తే సరిపోయేది.

"మరి పేపర్లో ఏమని రాశారండి?"

"యాభై రెండు వారాలు, విరామం లేకుండా అని. మధ్యలోవి లెక్కకట్టి వేశాం. శాస్త్రంలో దానికో పద్ధతి ఉంటుందండి, మీకు తెలీదు."

"పద్ధతుంటే ఆ మాటే వాళ్లతో చెప్పండి. మధ్యలో నా రిజిస్టరెందుకు?"

గోపీనాథ్ పెదవులు బిగించాడు. సొరుగులోంచి ఒక చీటీ తీసి టేబుల్ మీద ఇటు జరిపాడు. "మీ చేతిరాతలో ఉంటే బావుంటుందండి. అదే పెన్నుతో. పది నిమిషాల పని."

చీటీ మీద పన్నెండు అంకెలున్నాయి. 5.7, 4.3, 6.2, 5.1... పుష్పమ్మ చదివి ఫక్కున నవ్వింది.

"నవ్వెందుకండీ?"

"ఐదు పాయింట్ ఏడు మన ల్యాబులో పుట్టదండి. నాలుగు పాయింట్ మూడు కూడా పుట్టదు."

"అంటే?"

ఇక్కడ ఆమె నోరు ఆగలేదు. పనిలో తప్పు కనబడితే ఆగే నోరు కాదది. "మనవి చిన్న సీసాలు కదండీ. అందులోంచి నూరు మిల్లీలు తీసి చేస్తాం. అలా చేస్తే బ్యూరెట్టులో ఎంత దిగిందో దాన్ని రెండింతలు చెయ్యాలి. బ్యూరెట్టు మీద గీతకీ గీతకీ మధ్య పాయింట్ ఒకటి. రెండింతలు చేస్తే పాయింట్ రెండు. గీతల మధ్యలో ఉన్నది నేనెప్పుడూ రాయను, చలపతిరావు గారు రాయనివ్వలేదు. కాబట్టి మన అంకె చివర సున్నా, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. అంతే. ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది రావు. ఏడాది రిజిస్టరు తిరగెయ్యండి, ఒక్కటి దొరికితే నా చెవి కోసుకోండి. మూడేళ్ల నుంచి ఆ అంకెలతోనే పేపర్లు రాస్తున్నారు, ఇది మీరెప్పుడూ చూడలేదా?"

గోపీనాథ్ చెవులు ఎర్రబడ్డాయి. చీటీ వెనక్కి లాక్కుని పెన్ను తీశాడు. ఏడుని కొట్టేసి ఆరు వేశాడు. మూడుని కొట్టేసి నాలుగు వేశాడు. ఒకటిని సున్నా చేశాడు. అన్నీ అయ్యాక చీటీ మళ్లీ ఇటు తిప్పాడు.

"థాంక్సండి. ఇప్పుడు పుడతాయా?"

పుష్పమ్మ చీటీని వెనక్కి నెట్టింది. దొంగకి తాళం ఎలా తియ్యాలో తనే చూపించింది. ఇప్పుడీ అంకెల్ని ప్రపంచంలో ఎవరూ పట్టుకోలేరు.

"నా చేత్తో రాయనండి."

"మీ చెయ్యే కావాలని రూలేం లేదు. శ్రావ్య రాస్తుంది. రేపు పొద్దున్న పది గంటలకి బీరువా తాళం చెవి ఈ టేబుల్ మీద ఉండాలి. జూన్ ఎంతో దూరం లేదండి, పుష్పమ్మ గారూ."

శ్రావ్య ఆ డిపార్ట్‌మెంటులో పీహెచ్‌డీ చేస్తోంది. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వస్తుంది. పేపర్లో మొదటి పేరు ఆమెది, రెండోది గోపీనాథ్‌ది. మధ్యాహ్నం ల్యాబులోకి వచ్చీ రాగానే బ్యాగు స్టూలు మీద విసిరేసింది.

"ఏవండీ, పన్నెండు అంకెలకి ఇంత రభసా? సార్ నా మీద అరుస్తున్నారు."

"నువ్వు రాస్తావా?"

"రాయకపోతే నా థీసిస్ మీరు రాసిపెడతారా? పేపరు పడితే గానీ థీసిస్ తీసుకోరు. మూడేళ్ల నుంచి రైల్లో నించుని వస్తున్నాను."

"రైల్లో నించున్నావు సరే. దోనెలో ఒక్కరోజైనా నించున్నావా? గట్టు మీద గొడుగేసుకుని ఫోను చూసుకున్నావు."

"నాకు ఈత రాదండి!"

"నాకొచ్చా?"

శ్రావ్య మొహం మాడ్చుకుంది. "మీకేం పోయిందండీ? పేపర్లో మీ పేరు కూడా లేదు."

"పేరు లేకపోతే ఏం? రాత నాది. ఆ పుస్తకంలో నా రాత పక్కన నీ అబద్ధం కూర్చుంటే, రేపెవడైనా చూసి మొత్తం అబద్ధమే అనుకుంటాడు. ఎండలో చచ్చింది నేనూ పాపారావూ."

"అబ్బో" అంది శ్రావ్య. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

మూడున్నరకి ల్యాబులో ఎవరూ లేరు. పుష్పమ్మ బీరువా తీసి రిజిస్టరు బల్ల మీద పెట్టింది. అట్ట మూలలు చివికిపోయాయి. పేజీల నిండా అయోడిన్ మరకలు, తడి చేతుల గుర్తులు. సెప్టెంబరు పేజీ తీసింది. నాలుగో తారీఖు, పదకొండు, పద్దెనిమిది. ఒక్కో తేదీ ఎదురుగా నాలుగేసి తెల్లటి గళ్లు. స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో పన్నెండు గళ్ల మీదుగా ఏటవాలుగా గీత కొట్టింది. గీత పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "వరద. దోనె వెళ్లలేదు. నీరు తీయలేదు."

కింద తేదీ వెయ్యాలి. సెప్టెంబరు తేదీ వేసేస్తే ఎవరూ అడగరు, గీత అప్పుడే కొట్టినట్టుంటుంది. అలా చేస్తే గోపీనాథ్‌కీ తనకీ తేడా ఏముంది? ఆ రోజు తేదీయే వేసింది. సంతకం పెట్టింది. మర్నాడు పది గంటలకి తాళం చెవి తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టి వచ్చేసింది.

పదీ పదికల్లా కేక వినబడింది. ఈసారి గారూ లేదు, అమ్మా లేదు.

"ఎవరిచ్చారు నీకీ అధికారం? కాలేజీ ఆస్తి పాడుచేస్తావా?"

"పాడెక్కడుందండి? ఖాళీ గడి అలా వదలకూడదు. సెప్టెంబరులోనే కొట్టాల్సింది, ఆలస్యమైంది. ఆలస్యమైందనే ఇవాళ్టి... నిన్నటి తేదీ వేశాను."

"పెద్ద నిజాయితీపరురాలివి!"

"ఆ మాట నేనన్లేదండి. గీత కొట్టానన్నాను."

గోపీనాథ్ స్టోరు నుంచి కొత్త రిజిస్టరు తెప్పించి శ్రావ్య ముందు పడేశాడు. మొత్తం తిరగరాయమన్నాడు. రెండొందల ఎనిమిది వరసలు. ఒక్కో వరసలో తేదీ, చోటు, టైము, నీటి వేడి, బ్యూరెట్టు అంకె, దాని రెండింతలు. శ్రావ్య సాయంత్రం దాకా తల ఎత్తకుండా రాసింది. ఏప్రిల్ దగ్గర ఆగి వేళ్లు విరుచుకుంది. కొత్త పుస్తకాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. పాతది టీకొట్టు బల్లలా ఉంది. కొత్తది శుభలేఖలా ఉంది.

"సార్, ఏడాది పాటు ల్యాబులో వాడిన పుస్తకానికి ఒక్క మరకైనా లేకపోతే ఎవరు నమ్ముతారండీ?"

"మరకలు వెయ్యి. అయోడిన్ లేదా?"

శ్రావ్య పెన్ను మూత పెట్టేసింది. "మరకలు వెయ్యడానికి చేరలేదండి నేను. పట్టుకున్నారనుకోండి, మీకు ప్రొఫెసర్ పోస్టు రెండేళ్లు ఆగుద్ది. నాకు పట్టా పోద్ది. మొదటి పేరు నాదండి."

"ఓహో! ఆవిడ ట్రైనింగా?"

"ఆవిడతో నాకు మాటల్లేవండి. నా భయం నాది."

బీకర్లు కడుగుతున్న పుష్పమ్మ ఇదంతా విని, కుళాయి ఇంకాస్త తిప్పింది. ఆ పిల్ల మీద ప్రేమ ఏమీ పుట్టలేదు. భయపడి ఆగింది కాబట్టి ఆగింది, అంతే.

గడువు చివరి రోజు శుక్రవారం. వేరే దారి లేక, పేపర్లో యాభై రెండు వారాల్ని నలభై తొమ్మిది చేసి, సగటులన్నీ మళ్లీ కట్టి, పట్టికలు మార్చేసరికి మధ్యాహ్నమైంది. రిజిస్టరుకి ఫోటోలు తీసేటప్పుడు పేజీలు పుష్పమ్మే తిప్పింది. శ్రావ్య తిప్పితే అంచు చిరిగింది మరి. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సెప్టెంబరు పేజీ వచ్చినప్పుడు ఎర్రగీత మీద వెలుతురు సరిగ్గా పడేదాకా పుష్పమ్మ పుస్తకాన్ని ఇటూ అటూ జరుపుతూనే ఉంది. జర్నల్ వాళ్ల సైటులో చివర ఒక గడి వచ్చింది. ఇందులోని అంకెలన్నీ నిజమైనవని ఒప్పుకుంటున్నట్టు అక్కడ టిక్కు పెట్టాలి. గోపీనాథ్ పెట్టాడు. పంపేశాక కుర్చీ తిప్పాడు.

"పుష్పమ్మ గారూ, సోమవారం నుంచి మీరు పరీక్షల సెక్షనుకి వెళ్లండి. అక్కడ మనుషులు తక్కువగా ఉన్నారట."

"సీసాలు ఎవరికి అప్పజెప్పమంటారండి?"

"అవి మేం చూసుకుంటాం."

"మూతలు మారిపోకుండా చూసుకోండి. ఏ సీసా మూత ఆ సీసాకే పడుతుంది" అని చెప్పి బయటికొచ్చింది.

పరీక్షల సెక్షను కింది అంతస్తులో ఒక ఇరుకు గది. జవాబు పత్రాలు కట్టలు కట్టడం, దబ్బనంతో కుట్టడం, లక్క వెయ్యడం అక్కడి పని. వారం తిరక్కుండా పుష్పమ్మ కట్టలు అక్కడి పాతవాళ్ల కట్టల కన్నా బిగువుగా రావడం మొదలైంది. వాళ్లకీ అది నచ్చలేదు.

మే మొదటివారంలో గోపీనాథ్ ఆ గదికి వచ్చాడు. చేతిలో నోటుబుక్కు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"జర్నల్ వాళ్లు మళ్లీ ఒకటి అడిగారండి. వరద తగ్గాక మొదటి రోజు, సెప్టెంబరు ఇరవై ఐదు, నాలుగు చోట్లా ఆక్సిజన్ రెండు లోపుకి ఎందుకు పడిపోయిందని."

పుష్పమ్మ దారం పళ్లతో కొరికింది. "శ్రావ్య చెప్పలేదా?"

"తను గట్టు మీదుందట."

"మీరు?"

గోపీనాథ్ గోడ మీద గడియారం చూశాడు. "చెబుతారా, చెప్పరా అండి?"

చెప్పననేస్తే సరిపోతుంది. కానీ చెప్పకపోతే ఏదో ఒకటి తనే అల్లి పంపేస్తాడు. అప్పుడు ఆ ఇరవై ఐదో తారీఖు కూడా అబద్ధమైపోతుంది.

"రాసుకోండి. గుర్రపుడెక్క అంతా వరదకి కొట్టుకొచ్చి ఒకేచోట పోగయింది. కింద కుళ్లిపోయింది. దోనె కదల్లేదు, పాపారావు దిగి నెట్టాడు. నీళ్లు నల్లగా ఉన్నాయి, కంపు. చిన్న చేపలు నోళ్లు పైకి పెట్టి తేలుతున్నాయి."

అతను రాశాడు. "నాలుగు చోట్లా డెక్క కుళ్లి" అని పైకి చదువుకున్నాడు.

"నాలుగు చోట్లా అని నేనన్లేదు. మూడు చోట్ల చూశాను. నాలుగోచోట డెక్క లేదు, నీళ్లు మాత్రం నలుపు. కొట్టెయ్యండి."

"ఒక్క చోటుకి ఏమవుతుందండీ?"

"కొట్టెయ్యండి. మీరు కొట్టేసేదాకా మిగతాది చెప్పను."

కట్టలు కుడుతున్న ఇద్దరూ తలలెత్తి చూశారు. గోపీనాథ్ కొట్టేసి మూడు అని రాశాడు. ఆమె మిగతాది చెప్పింది: ఏ టైముకి తీశారు, ఎండ ఉందా లేదా, గాలి ఎటు ఉంది. మొత్తం మళ్లీ చదివించుకుంది. చదివేటప్పుడు అతని గొంతు పాఠం ఒప్పజెప్పేవాడిలా ఒకే తీరుగా ఉంది.

"థాంక్సండి" అన్నాడు, పళ్ల సందునుంచి.

"అక్కర్లేదండి. వెళ్తూ తలుపు వేసి వెళ్లండి, గాలికి పేపర్లు ఎగురుతున్నాయి."