మేం లేనప్పుడు బూరె ఎవరితో వెళ్ళేవాడు?

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో ఎవడైనా దెయ్యం మాట ఎత్తితే, "దాని బరువెంతో చెప్పు, అప్పుడు మాట్లాడదాం" అని నోరు మూయించేదాన్ని. మా అత్తవారి ఊళ్ళో చీకటి పడ్డాక కొన్ని దారుల్లో ఎవరూ నడవరు. నేను పనిగట్టుకుని ఆ దారుల్లోనే నడిచేదాన్ని. గొప్పకి చెప్పడం లేదు. కింద రాసింది చదివి, ఈవిడ ఇట్టే భయపడే మనిషిలే అని మీరు అనుకోకూడదని చెబుతున్నాను.

మా ఆయన నాకు మేనబావ. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. వాళ్ళది విశాఖపట్నం జిల్లాలో పద్మనాభం దగ్గర వ్యవసాయ కుటుంబం. బావ సిటీలోనే షీలానగర్ వైపు ఒక కంటైనర్ యార్డులో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాడు. మాకు పిల్లల్లేరు. బూరె ఉన్నాడు. ఒకసారి ఊరి నుంచి వస్తుంటే వానలో కల్వర్టు కింద వణుకుతూ కనిపించిన నాటు కుక్కపిల్ల. బావ తన చొక్కా విప్పి అందులో చుట్టి తెచ్చాడు. గుండ్రంగా, అప్పుడే నూనెలోంచి తీసిన రంగులో ఉన్నాడని ఆ పేరు పెట్టాం.

బూరెకి ఒక్కటే జబ్బు. ఒంటరిగా ఉండలేడు. మేం తాళం వేసి మెట్లు దిగేలోపే మొదలుపెట్టి సాయంత్రం దాకా ఏడుస్తాడు. మొరగడం కాదు, ఏడుపే. అప్పుడు అక్కయ్యపాలెంలో ఉండేవాళ్ళం. పక్క ఫ్లాట్లో బాలింత ఉంది. వాళ్ళు ఓర్చుకున్నంత కాలం ఓర్చుకున్నారు. చివరికి అసోసియేషన్ వాళ్ళు వచ్చి, కుక్కనైనా పంపెయ్యండి, మీరైనా ఖాళీ చెయ్యండి అన్నారు. పోనీ వాణ్ణి ఊళ్ళో వదిలేద్దామా అని నేనంటే బావ ఆ పూట అన్నం ముట్టలేదు.

అలా ఇళ్ళ వేట మొదలైంది. కుక్కతో ఇల్లు వెతకడం ఎలా ఉంటుందో వెతికినవాళ్ళకే తెలుస్తుంది. ఫోన్లో అన్నీ కుదురుతాయి. కుక్క ఉందనగానే ఆ ఇల్లు అప్పటికప్పుడు వాళ్ళ బంధువులకి ఇవ్వాల్సి వచ్చేస్తుంది. సీతమ్మధారలో ఒక పెద్దావిడ ఇల్లంతా చూపించి, కాఫీ కూడా ఇచ్చి, బూరె ఫొటో చూసి "అయ్యో, నాటు కుక్కా" అంది. గాజువాకలో ఒప్పుకున్నారు గానీ కిటికీ కిందే లారీలు. బూరెకి హారన్ వినిపిస్తే మంచం కిందికి దూరతాడు. మధురవాడలో కొత్త ఫ్లాట్ ఒకటి నాకు బాగా నచ్చింది. గచ్చు అద్దంలా మెరుస్తోంది. బూరె నాలుగు అడుగులు వేసి, కాళ్ళు నాలుగు దిక్కులకీ జారి బోర్లా పడ్డాడు.

సాగర్‌నగర్లో దొరికింది చివరికి. బీచ్ రోడ్డుకి కాస్త లోపలగా పాత బిల్డింగ్. మాది రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు కాబట్టి లిఫ్ట్‌లో కుక్క ఎక్కకూడదన్న గొడవ లేదు. పాతకాలం మొజాయిక్ గచ్చు, కాళ్ళు జారవు. బాల్కనీకి పైనుంచి కింద దాకా గ్రిల్. ఎదుటి ఫ్లాట్ ఖాళీ. నడిపించడానికి ఎంత కావాలంటే అంత సముద్రపు ఒడ్డు. ఓనరు భీమిలి ఆయన, బోట్లున్నాయి. కుక్క సంగతి భయపడుతూ చెప్పాను.

"కుక్కయితే ఏటమ్మా? పులినేటి పెంచుతన్నారా?" అని నవ్వాడు.

చేరిన మొదటి రోజు కాలేజీలో నా మనసు మనసులో లేదు. సాయంత్రం గేటు దగ్గరే పైడమ్మ గారిని అడిగాను. ఆవిడ కింద వాటాలో ఉంటుంది. వాళ్ళాయన సముద్రం మీద చేపల వేటకి వెళ్తాడు. ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేటు పక్క నీడలో గంప పెట్టుకుని చేపలు అమ్ముతుంది. మా కుక్క బాగా ఏడ్చాడా అంటే ఆవిడ వింతగా చూసింది.

"నేదమ్మా. కుక్కున్న ఇల్లులాగే నేదు. మీ వోడు మూగోడేటి?"

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సముద్రపు గాలి పడిందిలే అనుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ కొద్ది రోజులూ మేమెంత సంతోషంగా ఉన్నామో చెప్పలేను.

తర్వాత గమనించాను. పొద్దున పెట్టిన పెరుగన్నం సాయంత్రానికి అలాగే ఉంటోంది. అయినా వాడికి ఆకలి లేదు, పైగా ఒళ్ళు చేస్తున్నాడు. దగ్గరికి తీసుకుంటే నోటి దగ్గర చేపల వాసన. ఒకరోజు వాడు పడుకునే గోనెపట్టా దులిపితే ఇసక రాలింది. పొద్దున్నే నేను ఉతికి ఆరేసిన పట్టా అది. ఆ ఉదయం వాన వల్ల వాణ్ణి బీచ్‌కి తీసుకెళ్ళనే లేదు.

మొదట పైడమ్మ గారి మీదే అనుమానం వచ్చింది. పాత తాళంచెవి ఏదైనా ఆవిడ దగ్గర ఉండిపోయిందేమో, జాలిపడి తిండి పెట్టి తిప్పుతోందేమో అనుకున్నాను. మెల్లగా కదిపితే ఆవిడ నొచ్చుకుంది.

"తాళమేసిన ఇంట్లోకి నానెలగెల్తానమ్మా? మీరెల్లిన కాడ్నుంచి ఒచ్చీదాకా ఈ మెట్లు ఎవుళూ ఎక్కనేదు, దిగనేదు. నాను ఇక్కడే ఉంతాను కదా."

ఓనరుకి ఫోన్ చేశాం. మా ముందు ఉన్నవాళ్ళు సంసారులు, పిల్లల చదువులకని హైదరాబాద్ వెళ్ళారు, వాళ్ళకి కుక్క లేదు. ఆ ఇంట్లో ఎవరూ పోలేదు. ఇంకెవరి దగ్గరా తాళంచెవి లేదు. అయినా మేం తాళం మార్చేశాం. ఏమీ మారలేదు. ఇసక రాలుతూనే ఉంది.

అప్పుడు బావ ఒక చిన్న కెమెరా తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టాడు. అందులో వీధి గుమ్మం కనపడదు, బూరె పట్టా మాత్రం కనపడుతుంది. మేం వెళ్ళాక వాడు తల ముందరి కాళ్ళ మీద పెట్టుకుని పడుకున్నాడు. కాసేపటికి చెవులు నిక్కాయి. లేచాడు. తోక మొదలంటా ఊగడం మొదలైంది. బాగా తెలిసినవాళ్ళు వస్తే తప్ప వాడు అలా ఊపడు. గుమ్మం వైపు పరిగెత్తి కెమెరాలోంచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలాసేపు ఖాళీ పట్టా. తలుపు చప్పుడు రికార్డవలేదు. ఎప్పటికో తిరిగి వచ్చి, తీరిగ్గా పాదాలు నాక్కుంటూ కూర్చున్నాడు.

మర్నాడు కెమెరాని గుమ్మానికి ఎదురుగా పెట్టాం. ఆ రోజు ఎవరూ రాలేదు. బూరె తలుపు ముందు కూర్చుని సాయంత్రం దాకా ఏడ్చాడు. అక్కయ్యపాలెంలో ఏడ్చినదానికంటే ఎక్కువ. పై వాటా వాళ్ళు వచ్చి అడిగారు కూడా. మూడు రోజులు అలాగే ఉంచాం, మూడు రోజులూ ఏడుపే. ఆదివారం నేను ఇంట్లోనే ఉండిపోయాను. వాడు గుమ్మం దగ్గర కూర్చుని, మధ్యమధ్య నా వైపు తిరిగి చూశాడు. నువ్వెప్పుడు వెళ్తావు అన్నట్టుంది ఆ చూపు.

కెమెరా తీసేశాం. ఏడుపు ఆగిపోయింది.

బావకీ నాకూ మాట పట్టింపు అక్కడ మొదలైంది. బావ అనేవాడు, "సత్యా, ఎవుళో గానీ ఆడిని బాగా సూసుకుంటన్నారు. ఇంట్లో ఒక సెంచా కూడా పోనేదు. మనకేటి నట్టం?"

నేను మాత్రం తాళం తీసే ముందు తలుపుకి చెవి ఆనించి వినేదాన్ని. స్నానాల గది తలుపు గడియ రెండుసార్లు చూసుకునేదాన్ని. నా ఇంట్లోకి నాకు తెలియనిదేదో రోజూ వచ్చి పోతోంది. అది నా కుక్కకి నాకంటే ఇష్టం. ఈ రెండో సంగతి ఎక్కువ బాధ పెట్టిందని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాత తుపాను వచ్చింది. హెచ్చరిక రావడంతో ఆ రోజు కాలేజీ త్వరగా వదిలేశారు. మధ్యాహ్నం కాకముందే ఇల్లు చేరాను. కుండపోత వాన. పైడమ్మ గారు గంప లోపల పెట్టేసి వాకిట్లో నిలబడి ఉంది. పైకెళ్ళి తాళం తీశాను. పట్టా ఖాళీగా ఉంది.

పిలిచాను. ఉన్న రెండు గదులూ, వంటిల్లూ, మంచం కిందా, బాల్కనీ, స్నానాల గదీ వెతికాను. బూరె లేడు. వాడి బెల్టు మేకుకే వేలాడుతోంది. నా కేకలకి పైడమ్మ గారు పైకి వచ్చి, తానూ ప్రతి మూలా చూసింది. అలమర కూడా తెరిచి చూసింది. నేను ఒక్కదాన్నే చూసి ఉంటే నన్ను నేనే నమ్మేదాన్ని కాదు.

"నాను వాకిట్లోనే ఉన్నానమ్మా. కుక్క దిగనేదు. ఒట్టు," అంది.

సముద్రం గుర్తొచ్చింది. ఇద్దరం తలుపు తాళం వేసి పరిగెత్తాం. బీచ్‌లో ఎవరూ లేరు. అలలు రోడ్డు దాకా వచ్చి కొడుతున్నాయి. ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. పైడమ్మ గారు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగకపోతే ఇంకా ముందుకి వెళ్ళేదాన్నేమో. బావకి ఫోన్ చేసి ఏడ్చాను. ఒళ్ళంతా తడిసి, తిరిగి మెట్లెక్కి తాళం తీశాం.

బూరె పట్టా మీద పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తోక నేలకేసి కొట్టాడు.

కూలబడి వాణ్ణి వాటేసుకున్నాను. అప్పుడు తెలిసింది, వాడి ఒంటి మీద ఒక్క చుక్క తడి లేదు. వీపు వెచ్చగా ఉంది. ఎండలో చాలాసేపు పడుకుని లేచినప్పుడు ఉండే వెచ్చదనం. కాలి వేళ్ళ మధ్య ఇసక ఉంది. చేత్తో తీస్తే పొడిగా, పిండిలా రాలింది. ఆ రోజు విశాఖపట్నం మొత్తంలో పొడి ఇసక ఎక్కడా లేదు.

పైడమ్మ గారు గుమ్మం దాటి లోపలికి రాలేదు. దణ్ణం పెట్టుకుని కిందికి దిగిపోయింది.

బావ వచ్చాక నేను చెప్పింది ఒకే ఒక్క మాట. ఇక ఇక్కడ ఉండను. ఈసారి అతను వాదించలేదు. పెందుర్తి వైపు ప్రహరీ ఉన్న చిన్న ఇల్లు చూసుకున్నాం. వెనక జామచెట్టు, ముందు మట్టి నేల. కుక్కకి అంతకంటే మంచి ఇల్లు ఉండదని చూసినవాళ్ళందరూ అన్నారు.

బూరె అక్కడ తిండి మానేశాడు. ఏడుపు మళ్ళీ మొదలైంది. ఇప్పుడు మేం ఇంట్లో ఉన్నా ఏడుస్తున్నాడు. గేటు దగ్గర కూర్చుని మట్టి రోడ్డు వైపు చూస్తాడు. డొక్కలు ఎండిపోయాయి. పశువుల డాక్టరు రక్తపరీక్షలు చేయించి, జబ్బేమీ లేదమ్మా, బెంగ పెట్టుకున్నాడు అన్నాడు. ఎవరి మీద అని అడిగాడు. నేనేం చెప్పను?

ఒక ఉదయం బావే అన్నాడు, "ఒకపాలి ఆడిని అక్కడికి తీసుకెల్దాం, సత్యా. నేకపోతే సచ్చిపోతాడు."

వెళ్ళాం. ఎండ కాస్తోంది. సముద్రం ప్రశాంతంగా ఉంది. ఆ బిల్డింగ్ ముందు కారు ఆపితే బూరె దాని వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా బీచ్ వైపు లాగాడు. ఇసక మీదికి వెళ్ళాక బావ బెల్టు విప్పేశాడు.

వాడు నీళ్ళ అంచు దాకా పరిగెత్తి టక్కున ఆగాడు. తల పైకెత్తాడు. మనిషి ముఖం వైపు చూసే ఎత్తుకి. తోక మొదలంటా ఊగుతోంది. తర్వాత నడిచాడు. మామూలుగా బీచ్‌లో వాడు పీతల వెంట పడతాడు, అటూ ఇటూ ఉరుకుతాడు. ఆ రోజు ఒక వరసలో, ఎవరో పెద్దవయసు వాళ్ళ పక్కన నడిచినట్టు నెమ్మదిగా నడిచాడు. మధ్యలో ఆగి, వెనక్కి చూసి, మళ్ళీ నడిచాడు. మేం దూరంగా వెంబడించాం. తడి ఇసకలో వాడి అడుగులే ఉన్నాయి. వంగి చూశాను. వేరే ఏ గుర్తూ లేదు.

కొంత దూరం పోయాక కూర్చున్నాడు. బావ చెవుల వెనక గోకినప్పుడు చేసినట్టు తల వంచి కళ్ళు మూసుకున్నాడు. తల మీద వెంట్రుకలు కదిలాయి. గాలికే అయి ఉండొచ్చు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆ తర్వాత లేచి, ఒళ్ళు దులుపుకుని, మా దగ్గరికి వచ్చి, మాకంటే ముందు కారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

బావ అక్కడే ఉండిపోయాడు. ఖాళీ ఇసక వైపు చూస్తూ, "ఎవురో గానీ... సల్లగుండండి," అన్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. నేను నవ్వలేదు. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం బూరె అన్నం తిన్నాడు. అప్పట్నుంచి ఏడవలేదు. ఇప్పుడు ఒంటరిగా వదిలి వెళ్ళినా జామచెట్టు కింద పడుకుంటాడు. వాడికి ఎవరు ఏం చెప్పారో నాకు తెలియదు. పొడి ఇసక సంగతి ఎన్నిసార్లు ఆలోచించినా ఒక్క కారణమూ నిలబడలేదు. పిల్లలు దెయ్యాల సంగతి ఎత్తితే ఇప్పుడు నేను బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెడుతున్నాను.

మొన్న భీమిలి నుంచి ఓనరు ఫోన్ చేశాడు. ఫ్లాట్ ఇంకా ఖాళీగానే ఉందట. మంచివాళ్ళెవరైనా ఉంటే చెప్పమన్నాడు. మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే అమ్మాయికి కుక్క ఉంది. ఒక్కతే ఉంటుంది, ఆ కుక్క పగలంతా ఏడుస్తుందని ఆర్నెల్లుగా ఇల్లు వెతుకుతోంది. రోజూ నా పక్క కుర్చీలోనే కూర్చుంటుంది. ఇంతవరకూ నేను ఆమెకి ఆ ఇంటి సంగతి చెప్పలేదు. చెప్పకుండా ఉండలేకపోతున్నాను కూడా.