వెండెలిన్ కత్తి, నా ఒర

వెండెలిన్ పేరెత్తితే చాలు, నాకు కడుపు మండుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. మా జోలింగెన్ ఊళ్లో కత్తులతో పనిలేని ఇల్లు లేదు గానీ, పాత యుద్ధాల్లో తుపాకీ మొనకి తగిలించిన కత్తులు, అవే బాయొనెట్లు, పోగేసేవాళ్లం మాత్రం పిడికెడు మందిమి. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. అయినా ఎవరి నోట విన్నా వెండెలిన్, వెండెలిన్!

ఏముందయ్యా వాడిలో? జన్మంతా వుప్పర్ ఏటి ఒడ్డున కత్తులు సానపట్టే కొట్టంలో తడి రాయి ముందు కూర్చుని నడుం వంచుకున్నాడు. పెళ్లీ పెటాకులూ లేవు. పాత సామాన్ల సంతలో అందరం గొంతు చించుకుని బేరమాడుతుంటే, వాడు తుప్పు ముక్కనొకదాన్ని వేలితో తడుముతూ నిలబడతాడు. తీరా చూస్తే మంచిదల్లా వాడి సంచిలోనే ఉంటుంది. ఒళ్లు మండదూ మరి?

ఒకసారి వాడికి వీపున రంపపు పళ్లున్న బాయొనెట్ దొరికింది, ఒర లేకుండా. అదే సంతలో ఇంకో మూల నాకో ఒంటి ఒర దొరికింది. పటాలంలో కత్తికీ దాని ఒరకీ ఒకే నంబరు కొట్టేవాళ్లు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే నంబరు!

"హెడ్విగ్, ఆ ఒర ఇచ్చెయ్యవే. బదులు నా గూట్లోంచి ఏది కావాలన్నా పట్టుకుపో" అన్నాడు.

"నీ కత్తే నాకియ్యి. నా ఒర మీద నీ కన్నేమిటి?" అన్నాను.

ఏళ్లు గడిచాయి. వాడు అడగడం మానలేదు, నేను ఇవ్వలేదు. "ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈవిడ ఒక్కదాన్ని కూడా ఇమడనివ్వదు" అని మా బాయొనెట్ల సంఘం పెద్ద ఓట్మార్ ఎకసెక్కాలాడేవాడు.

ఈ వసంతంలో వెండెలిన్ కర్ర పొడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. కత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"చూపు పోతోందే. ఇక నాకెందుకు? నువ్వే ఉంచుకో. ఒక్కసారి ఒరలో దూర్చు, విననీ."

దూర్చాను. సర్రున జారి టక్కుమని కూర్చుంది.

"ఇంకోసారి" అన్నాడు, చంటిపిల్లాడిలా.

నేను పెట్టిన చెర్రీల వాఫుల్ అట్టు తిని వెళ్లిపోయాడు. గెలిచానని నేను గంతులేశాను.

ఆ సంబరం సంఘం సమావేశం దాకానే. జతని బల్ల మీద పెట్టగానే అంతా మూగారు. "ఇదేనా వెండెలిన్ ఇచ్చిన జత? ఎంత మనసయ్యా ఆయనది!" అంది ఓట్మార్ పెళ్లాం. సగం నాదమ్మా, సగం నాది! ఎవరికి పట్టింది? మూల కుర్చీలో వాడు. ఎవరో ఒకరు కత్తి దూయడం, దూర్చడం. టక్కుమన్నప్పుడల్లా వాడి ముఖం వెలిగిపోతోంది. అది నాదై ఉండి కూడా ఆ వెలుగు నా ముఖానికి ఒక్కనాడూ రాలేదు.

ఇక పట్టలేకపోయాను. జతని లాక్కుని వాడి ఒళ్లో పడేశాను.

"తీసుకుని చావు! ఒరతో సహా నీకే ఇస్తున్నా. అందరూ వింటున్నారుగా?"

వాడు రెండు చేతులా తడుముకుని, దాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చేశాడు. ఇప్పుడన్నా నన్ను మెచ్చుకుంటూ ఓ మాట అంటారని చుట్టూ చూశాను.

ఓట్మార్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"పాపం వెండెలిన్! ఎంత మంచివాడో చూడండి" అన్నాడు.